జార్జియా కౌంటీలు: పేర్ల వెనుకనున్న చరిత్ర

ఊరి పేరు వినగానే ఆ ఊరి సంగతి కొంత తెలియవచ్చును. పేరు చివర చెరువున్నచో అచ్చట నొకప్పుడు చెరువుండెననియు, కోట యున్నచో కోట యుండెననియు మనము ఊహింతుము. కాని మన గ్రామములలో పెక్కింటికి ఆ పేరు ఎవరు పెట్టిరో, ఎప్పుడు పెట్టిరో నిశ్చయముగా చెప్పగలవారు లేరు. ఆ పేర్లు జనుల నోట పుట్టి, జనుల నోటనే పెరిగి, మన వరకు వచ్చినవి.

ఇందుకు భిన్నముగా, పేర్లు శాసనములచే ఏర్పడిన ప్రదేశములును లోకమున కలవు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆగ్నేయ దిక్కున, అట్లాంటిక్ సముద్రతీరమున నున్న జార్జియా రాష్ట్రము అట్టిది. ఆ రాష్ట్రమున 159 కౌంటీలు కలవు. ప్రతి కౌంటీకిని పుట్టిన సంవత్సరము కలదు. దానికి పేరు పెట్టిన సభ కలదు. ఆ పేర్లను కాలక్రమమున చదివినచో ఆ రాష్ట్ర చరిత్ర చదివినట్లే యగును. అంతేకాదు, పేరు ధరించిన మహనీయుని గుణములకంటె పేరు పెట్టినవారి మనస్సే వానిలో స్పష్టముగా గోచరించును. వారు ఎవరిని గౌరవించిరి, ఎవరిని ద్వేషించిరి, ఎవరిని మరచిరి అను విషయములు ఆ పేర్లే మనకు చెప్పును.

కౌంటీ యనునది రాష్ట్రమునందలి పరిపాలనా విభాగము. అది మన జిల్లా వంటిదే కాని పరిమాణమున చాల చిన్నది. జార్జియా వైశాల్యము సుమారు 1,53,000 చదరపు కిలోమీటర్లు. అనగా నేటి ఆంధ్రప్రదేశ్ కంటె కొంచెము తక్కువ. దానిని 159 భాగములు చేసినచో ఒక్కొక్క భాగమునకు సగటున వేయి చదరపు కిలోమీటర్లైనను రావు. ప్రతి కౌంటీకిని ఒక ముఖ్యపట్టణము, ఆ పట్టణమున న్యాయస్థానము, భూముల దస్తావేజులు భద్రపరచు కార్యాలయము, షెరీఫ్ అనెడి రక్షణాధికారి ఉందురు. అమెరికాలో ఇంతకంటె ఎక్కువ కౌంటీలు గల రాష్ట్రము టెక్సాస్ ఒక్కటియే. అందు 254 కౌంటీలు కలవు.

ముందుగా రాష్ట్రము పేరునే చూతము. 1732వ సంవత్సరమున ఇంగ్లండు రాజైన రెండవ జార్జి ఈ వలసరాజ్యమును స్థాపించుటకు అనుమతిపత్ర మొసగెను. ఆయన పేరనే దీనికి జార్జియా యని పేరు కలిగెను. 1733 ఫిబ్రవరిలో జేమ్స్ ఓగల్‌థోర్ప్ అను నాయకుడు కొంతమంది వలసదారులతో వచ్చి సవానా పట్టణమునకు పునాది వేసెను. ఆ చోట నివసించుచుండిన యామక్రా తెగ నాయకుడు టొమొచీచీ వారితో స్నేహము చేసి స్థలమిచ్చెను. తొలినాళ్లలో పాలకులు ఈ వలసరాజ్యమున బానిసలను ఉంచుకొనరాదని 1735లో నిషేధము విధించిరి. కాని 1751వ సంవత్సరము నుండి ఆ నిషేధము తొలగిపోయెను. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు; దీని ప్రస్తావన మరల వచ్చును.

1758లో ఈ దేశమును ఎనిమిది పారిష్‌లుగా విభజించిరి. పారిష్ అనగా ఒక చర్చి ఆధీనమున నుండు ప్రాంతము. 1765లో మరి నాలుగు చేరినవి. సెయింట్ జాన్, సెయింట్ పాల్, సెయింట్ ఆండ్రూ, సెయింట్ మేరీ మొదలగు క్రైస్తవ పుణ్యపురుషుల, పుణ్యస్త్రీల పేర్లు వీనికి ఉండెను. ఆనాటి జార్జియా ప్రజలు ఇంగ్లండు రాజునకు ప్రజలు. ఇంగ్లండు చర్చికి చెందినవారు. వారి పేర్లును అట్లే యుండెను.

అంతలో పదమూడు వలసరాజ్యములును ఇంగ్లండుపై తిరుగుబాటు చేసినవి. 1776 జూలై 4వ తేదీన స్వాతంత్ర్యప్రకటన జరిగెను. మరుసటి యేట, అనగా 1777 ఫిబ్రవరిలో, జార్జియా తన మొదటి రాజ్యాంగమును రచించుకొని, పారిష్‌లను తీసివేసి, వాని స్థానమున ఎనిమిది కౌంటీలను ఏర్పరచెను. అవి విల్క్స్, రిచ్‌మండ్, బర్క్, ఎఫింగ్‌హామ్, చాతామ్, లిబర్టీ, గ్లిన్, కామ్‌డెన్ అనునవి.

ఇచ్చట ఒక వింత కలదు. యుద్ధము ఇంగ్లండుతో జరుగుచున్నది. ఐనను ఈ ఎనిమిదింటిలో ఏడు బ్రిటిషు రాజకీయనాయకుల పేర్లే! శత్రుదేశపు ప్రభువుల పేర్లను తమ నేలకు ఏల పెట్టుకొనిరి?

ఆ ఏడుగురు ఎవరో తెలిసికొన్నచో ఈ సందేహము తీరును. వారందరును బ్రిటిషు రాజకీయనాయకులే యైనను, తమ ప్రభుత్వము అమెరికా ప్రజలకు చేయుచున్న అన్యాయమును తమ దేశముననే నిలిచి ఖండించినవారు. పార్లమెంటులో ప్రతినిధులు లేని ప్రజలపై పన్ను వేయుట ధర్మము కాదని కామ్‌డెన్ ప్రభువు 1766లో వాదించెను. జాన్ విల్క్స్ రాజప్రభుత్వమును విమర్శించి చెరసాల పాలయ్యెను. అతని పక్షమున న్యాయస్థానమున వాదించినవాడు జాన్ గ్లిన్. ఎఫింగ్‌హామ్ ప్రభువు సైన్యమున ఉద్యోగి. అమెరికావారిపై యుద్ధము చేయజాలనని 1775లో తన ఉద్యోగమునే విడిచిపెట్టెను. రిచ్‌మండ్ ప్రభువు ప్రభువుల సభలో వలసరాజ్యముల పక్షము వహించెను. ఎడ్మండ్ బర్క్ 1775 మార్చిలో అమెరికాతో సంధి చేసికొనవలయునని పార్లమెంటులో గొప్ప ప్రసంగము చేసెను.

ఈ బర్క్ మనకు పరాయివాడు కాడు. భారతదేశమున గవర్నరు జనరలుగా పనిచేసిన వారన్ హేస్టింగ్స్ చేసిన అక్రమములపై బ్రిటిషు పార్లమెంటులో నేరారోపణ జరిపించినవాడు ఈయనయే. 1788లో ఆరంభమైన ఆ విచారణ ఏడు సంవత్సరములు సాగెను. 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా విడుదల యయ్యెను; కాని దూరదేశమున పాలించు అధికారి తన చర్యలకు లెక్క చెప్పవలయునను మాట ఆ విచారణవలన లోకమునకు తెలిసెను.

ఇంక చాతామ్ పేరునకు మన తెలుగునేలతో మరియొక విచిత్రమైన సంబంధము కలదు. అమెరికాపై విధించిన స్టాంపు పన్నును 1766లో తీవ్రముగా నిరసించిన విలియం పిట్ అను రాజనీతిజ్ఞుడే చాతామ్ ప్రభువు. ఈయన తాత థామస్ పిట్ 1698 మొదలు 1709 వరకు చెన్నపట్టణమున సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా ఉండెను. ఆ కాలమున ఆయన ఒక పెద్ద వజ్రమును కొనెను. అది కృష్ణానదీతీరమున, పల్నాటి సీమయందలి కొల్లూరు గనిలో దొరికినదని చెప్పుదురు. సానబట్టకముందు దాని తూకము సుమారు 410 కారట్లు. 1717లో దానిని ఫ్రాన్సు రాజప్రతినిధి కొనెను. నేడది పారిస్ నగరమున లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. ఆ వజ్రము తెచ్చిన ధనమువలన పిట్ వంశము ఉన్నతస్థితికి వచ్చెను. సవానా పట్టణము నేడు చాతామ్ కౌంటీలో ఉన్నది. కృష్ణ యొడ్డున పుట్టిన రాయి ఒక వంశమునకు సంపద తెచ్చుట, ఆ వంశమున పుట్టినవాని పేరు అట్లాంటిక్ ఆవలితీరమున ఒక కౌంటీకి కలుగుట చరిత్రలోని చిత్రములలో ఒకటి.

ఎనిమిదవ కౌంటీ పేరు మాత్రము మనుష్యునిది కాదు. లిబర్టీ యనగా స్వేచ్ఛ. జార్జియాలోని తక్కిన ప్రాంతములు ఇంకను సందేహించుచుండగా, సెయింట్ జాన్ పారిష్ ప్రజలు 1775లోనే లైమన్ హాల్ అను వైద్యుని తమ ప్రతినిధిగా ఫిలడెల్ఫియాలోని కాంగ్రెసుకు పంపిరి. ఆ సాహసమునకు బహుమానముగా వారి ప్రాంతమునకు ఈ గౌరవనామము లభించెను.

స్వాతంత్ర్యము సిద్ధించిన పిమ్మట బ్రిటిషు నాయకుల పేర్లతో పనిలేక పోయెను. స్వదేశ వీరులు అప్పటికి తయారైరి. 1784లో వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ కౌంటీలు వెలసినవి. 1818లో ఒకే దినమున ఏర్పడిన మూడు కౌంటీలకు గ్విన్నెట్, హాల్, వాల్టన్ అని పేర్లు పెట్టిరి. స్వాతంత్ర్యప్రకటనపై జార్జియా పక్షమున సంతకము చేసిన ముగ్గురును వీరే. అమెరికాకు సాయము వచ్చిన విదేశీయులను కూడ వారు మరువలేదు. సవానా ముట్టడిలో 1779లో ప్రాణములర్పించిన పోలండు దేశీయుడు పులాస్కీ, 1780లో యుద్ధభూమిని నేలకొరిగిన జర్మను జాతీయుడు డికాల్బ్, ఫ్రాన్సు దేశపు లాఫయెట్ — ఈ మువ్వురి పేర్లతోను కౌంటీలున్నవి. నాన్సీ హార్ట్ అను పల్లెటూరి ఇల్లాలు తన ఇంటిలో చొరబడిన శత్రుసైనికులను వారి తుపాకితోనే నిలువరించెనని కథ. ఆమె పేరిట 1853లో హార్ట్ కౌంటీ ఏర్పడెను. జార్జియాలో స్త్రీ పేరు గల కౌంటీ ఇది యొక్కటియే.

ఈ పేర్లను చదువునపుడు తొందరపడరాదు. జార్జియాలో లింకన్ కౌంటీ కలదు. బానిసల విముక్తికి ప్రసిద్ధుడైన ఆబ్రహాం లింకన్ పేరని ఎవరైన భ్రమపడవచ్చును. కాని ఆ కౌంటీ 1796లో పుట్టినది. ఆబ్రహాం లింకన్ పుట్టినది 1809లో. అది స్వాతంత్ర్యయుద్ధ సేనాని బెంజమిన్ లింకన్ పేరు. అట్లాంటా నగరముండు ఫుల్టన్ కౌంటీ 1853లో ఏర్పడెను. ఆవిరి ఓడను వాడుకలోనికి తెచ్చిన రాబర్ట్ ఫుల్టన్ పేరే అది యని పెక్కురందురు. జార్జియా ప్రభుత్వమున ఇంజనీరుగా పనిచేసిన హామిల్టన్ ఫుల్టన్ పేరని కొందరందురు. పేరు తెలిసినంత మాత్రమున దాని మూలము తెలిసినట్లు కాదు.

పేరు పెట్టినవారి మనస్సు మారినచో పేరును మారును. 1807లో వర్జీనియా రాష్ట్రపు నాయకుడైన జాన్ రాండాల్ఫ్ పేరిట ఒక కౌంటీ నేర్పరచిరి. ఐదేండ్లు గడచినవి. 1812లో ఇంగ్లండుతో మరల యుద్ధము వచ్చెను. రాండాల్ఫ్ ఆ యుద్ధము వలదనెను. జార్జియావారికి కోపము వచ్చి ఆ కౌంటీ పేరు తీసివేసి జాస్పర్ అను సైనికుని పేరు పెట్టిరి. కాలము గడచి కోపము చల్లారెను. 1828లో వేరొకచోట కొత్తగా ఏర్పడిన కౌంటీకి మరల రాండాల్ఫ్ పేరే పెట్టిరి! మనుష్యుడు మారలేదు; అతని మాటయు మారలేదు; చూచువారి దృష్టి మాత్రమే మారినది.

ఇంతవరకు చెప్పినవి వినోదముగా వినదగినవి. ఇంక చెప్పబోవునది దుఃఖకరమైనది.

జార్జియా ఉత్తరభాగమున కొండలనడుమ చెరోకీ జాతివారు తరతరములుగా నివసించుచుండిరి. వారు అనాగరికులు కారు. సెక్వోయా యను మేధావి 1821 నాటికి తమ భాషకు లిపిని కల్పించెను. 1827లో వారు న్యూ ఎకోటా అను తమ రాజధానిలో లిఖితరాజ్యాంగమును స్వీకరించిరి. 1828లో తమ భాషలోను ఇంగ్లీషులోను ఒక వార్తాపత్రికను స్థాపించిరి. మరుసటి యేట వారి నేలకు దాపున బంగారము దొరకెను. బంగారమునకై తెల్లవారు గుంపులుగా వచ్చి పడిరి.

1831లో జార్జియా శాసనసభ ఆ చెరోకీ భూమినంతయు ఒకే కౌంటీగా చేసి చెరోకీ కౌంటీ యని పేరిడెను. 1832లో దానిని పది కౌంటీలుగా చీల్చిరి. భూమిని ముక్కలు చేసి లాటరీ వేసి తెల్లవారికి పంచిరి. అదే సంవత్సరమున అమెరికా సుప్రీంకోర్టు, చెరోకీ భూమిపై జార్జియా శాసనములు చెల్లవని తీర్పు చెప్పెను. కాని ఆ తీర్పును జార్జియా పాటింపలేదు. 1838లో సైనికులు చెరోకీలను వారి ఇండ్లనుండి వెడలగొట్టి, పడమటి దిక్కున నేటి ఓక్లహోమా వరకు తరలించిరి. ఆ ప్రయాణమున, దానికి ముందు నిర్బంధ శిబిరములలోను, ఆకలిచేతను రోగములచేతను సుమారు నాలుగువేలమంది మరణించిరని అంచనా. దానిని కన్నీటి బాటయని నేటికిని పిలుతురు.

ఆ పది కౌంటీల పేర్లను చూడుడు. లంప్‌కిన్ కౌంటీ కలదు. విల్సన్ లంప్‌కిన్ అప్పటి గవర్నరు. చెరోకీలను వెడలగొట్టుటకు పట్టుబట్టినవారిలో ముఖ్యుడు. గిల్మర్ కౌంటీ కలదు. ఆయనయు గవర్నరే, ఆ విధానమును నడపినవాడే. లంప్‌కిన్ కౌంటీ ముఖ్యపట్టణము పేరు డహ్లోనెగా. అది పసుపువన్నె యను అర్థమునిచ్చు చెరోకీ మాట, బంగారమునకు చెందినది. భూమి పోయెను, బంగారము పోయెను, జనులు పోయిరి. వారి మాట మాత్రము పటమున మిగిలెను. చట్టహూచీ, మస్కోగీ, కొవేటా, సెమినోల్ మొదలగు కౌంటీల పేర్లును ఇట్టివే. వెడలగొట్టబడిన జాతుల గుర్తులే.

లిబర్టీ కౌంటీని మరల తలచుకొందము. 1751లో బానిసత్వ నిషేధము తొలగినదని ముందు చెప్పితిమి. స్వేచ్ఛ పేరు ధరించిన ఆ కౌంటీలో విశాలమైన వరిపొలములుండెను. వానిలో పనిచేసినవారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు, వారి సంతతివారు. అంతర్యుద్ధమునకు పూర్వము ఆ కౌంటీ జనులలో ఎక్కువమంది స్వేచ్ఛ లేనివారే! పేరు పెట్టిన సభలో వారికి చోటు లేదు. కావున ఆ పేరు వారిని గూర్చి యాలోచింపలేదు.

1861లో బానిసత్వమును నిలుపుకొనుటకై దక్షిణ రాష్ట్రములు సంయుక్త రాష్ట్రములనుండి విడిపోయి యుద్ధమునకు దిగినవి. నాలుగేండ్ల యుద్ధమున ఓడిపోయినవి. బానిసత్వము అంతరించెను. ఐనను 1905లో, యుద్ధము ముగిసిన నలువది యేండ్లకు, జార్జియాలో ఎనిమిది కొత్త కౌంటీలు ఏర్పడినపుడు వానిలో జెఫ్ డేవిస్, స్టీఫెన్స్, టూంబ్స్ అను పేర్లు కానవచ్చును. వీరు ఓడిన దక్షిణ ప్రభుత్వమునకు అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, విదేశాంగమంత్రి. ఆ కాలముననే, 1908లో, నల్లజాతివారిలో అత్యధికులకు ఓటు లేకుండునట్లు జార్జియాలో నిబంధనలు చేసిరి. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఆ పేర్ల భావము తెలియును.

ఇన్ని చిన్న కౌంటీలు ఏల యేర్పడినవని మీరడుగవచ్చును. రైతు తన బండిలో ముఖ్యపట్టణమునకు పోయి, పని చూచుకొని, చీకటి పడకముందే ఇల్లు చేరవలయునను ఉద్దేశముతో ఇట్లు చేసిరని పెద్దలు చెప్పుదురు. అది కొంత నిజము. కాని కౌంటీలకు రాజకీయ ప్రయోజనమును ఉండెను. 1917 శాసనము ప్రకారము ముఖ్యమైన పార్టీ ఎన్నికలలో ఓట్లను కౌంటీలవారీగా లెక్కించిరి. ఎనిమిది పెద్ద కౌంటీలకు ఒక్కొక్కదానికి ఆరు, తరువాతి ముప్పదింటికి నాలుగు, తక్కిన వానికి రెండేసి చొప్పున లెక్కకు వచ్చెడివి. కావున వేలకొలది జనులున్న మూడు చిన్న కౌంటీలు లక్షలకొలది జనులున్న అట్లాంటా ప్రాంతముతో సమానమయ్యెను. 1963లో అమెరికా సుప్రీంకోర్టు ఈ పద్ధతి చెల్లదని తీర్పు చెప్పి, ప్రతి మనుష్యుని ఓటునకును సమానమైన విలువ ఉండవలయునని ప్రకటించెను.

చివరి కౌంటీ 1924లో పుట్టెను. దానికి మాత్రము వీరుని పేరు గాని ప్రభువు పేరు గాని పెట్టలేదు. ఆ నేలపై విరివిగా పండు పీచ్ పండు పేరు పెట్టిరి. అప్పటికి కౌంటీలు 161. 1932 ఆరంభమున, ఆర్థికముగా చితికిపోయిన కాంప్‌బెల్, మిల్టన్ కౌంటీలు ఫుల్టన్ కౌంటీలో కలిసిపోగా 159 మిగిలినవి.

ఆ ఫుల్టన్ కౌంటీలోనే, అట్లాంటా నగరమున, 1929లో మార్టిన్ లూథర్ కింగ్ జన్మించెను. గాంధీ మహాత్ముని మార్గమును అనుసరించి, నల్లజాతివారి సమానత్వమునకై పోరాడి, 1959లో మన దేశమునకు వచ్చి గాంధీజీ తిరిగిన చోట్లను దర్శించిన మహనీయుడు ఆయన. 1968లో హంతకుని గుండుకు ఆయన బలియయ్యెను.

అమెరికాకు వాయవ్యమూలనున్న వాషింగ్టన్ రాష్ట్రమున కింగ్ అను కౌంటీ కలదు. దానికి 1852లో విలియం కింగ్ అను దక్షిణదేశపు రాజకీయనాయకుని పేరు పెట్టిరి. ఆయన బానిసల యజమాని. 1986లో ఆ కౌంటీ పాలకసభ ఒక తీర్మానము చేసెను: ఇకమీదట తమ కౌంటీ పేరు మార్టిన్ లూథర్ కింగ్ గౌరవార్థమే యని. 2005లో రాష్ట్ర శాసనము దానిని స్థిరపరచెను. పేరులో ఒక్క అక్షరమైనను మారలేదు. పటములు మార్చవలసిన పని కలుగలేదు. కాని ఆ పేరు పలుకునపుడు తలచుకొనవలసిన మనుష్యుడు మారెను.

పేరు శాశ్వతమని మనము తలంతుము. కాని పేరు పెట్టువారికి ఒక కాలము, ఒక పక్షము ఉండును. వారు గౌరవించినవారి పేర్లు పటమునకెక్కును. వారు కన్నెత్తి చూడనివారి పేర్లు ఎక్కవు. కావున ఏ పేరు విన్నను, అది ఎవరిది యని మాత్రమే గాక, దానిని ఎవరు పెట్టిరి, అప్పుడు ఆ నేలపై ఇంక నెవరెవరుండిరి అని కూడ విచారింపవలయును. అట్లు విచారించువానికి దేశపటము బొమ్మగా నుండక పుస్తకమగును. మీ ఊరి పేరుతోనే ఈ చదువును ఆరంభింపవచ్చును.